ఇంటి నుంచే వకాల్తా.. దస్తావేజు భాషే అసలు చిక్కు

హైకోర్టు మెట్లెక్కాలంటే బళ్లారి వాళ్లు ధార్వాడకు, రాయచూరు వాళ్లు కలబురగికి పోవాలి. బరంపురం, పర్లాకిమిడి వాళ్లకు కటక్. సిరొంచ వాళ్లకు నాగపూర్. హోసూరు వాళ్లకు చెన్నై. యానాం వాళ్లకూ చెన్నైయే, సుమారు ఆరు వందల కిలోమీటర్లు ఆంధ్ర నేలంతా దాటి వెళ్లాలి. షోలాపూర్ వాళ్లు మొన్నమొన్నటి దాకా ముంబయికి తిరిగారు. 2025 ఆగస్టు 18న కొల్హాపూర్‌లో బొంబాయి హైకోర్టు సర్క్యూట్ బెంచి మొదలయ్యాక వాళ్ల దారి కొంత తగ్గింది.

సరిహద్దు జిల్లాల తెలుగువారికి కేసంటే ఎప్పుడూ రెండు బరువులే. ఒకటి దూరం, రెండోది భాష. కంప్యూటరు, ఫోను పుణ్యమా అని మొదటి బరువు చాలావరకు దిగింది. వాయిదా తేదీ ఇంట్లో కూర్చునే తెలుస్తోంది. దావా ఇంటి నుంచే దాఖలవుతోంది. చాలాచోట్ల వాదన కూడా తెర మీదే నడుస్తోంది. రెండో బరువు మాత్రం అలాగే ఉంది. పని ఇంట్లో, ఒక్కరే, యంత్రం సాయంతో చేసుకుంటున్నారు కాబట్టి ఒక విధంగా అది పెరిగిందనే చెప్పాలి.

2003లోనే తలుపు తెరుచుకుంది

సాక్షి కోర్టు హాల్లో నిలబడకుండా వీడియోలో సాక్ష్యం చెప్పవచ్చని సుప్రీంకోర్టు 2003లోనే తేల్చింది. మహారాష్ట్ర ప్రభుత్వం, డాక్టర్ ప్రఫుల్ దేశాయ్ కేసు అది. అమెరికాలో ఉన్న వైద్య నిపుణుడి సాక్ష్యం తీసుకోవడమెలా అన్న ప్రశ్న అప్పుడు వచ్చింది. 2007లో ఈ-కోర్టుల ప్రాజెక్టు మొదలైంది. కోర్టులకు కంప్యూటర్లు వచ్చాయి గానీ, న్యాయవాదుల అలవాట్లు అంత త్వరగా మారలేదు.

మార్చింది కరోనాయే. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పడింది. ఏప్రిల్ 6న సుప్రీంకోర్టు వీడియో విచారణలకు దారి చూపుతూ ఉత్తర్వులిచ్చింది. ఆ తర్వాత హైకోర్టులు తమతమ నియమాలు తెచ్చుకున్నాయి. ఒడిశా హైకోర్టు 2023లో జిల్లాల్లో వర్చువల్ హైకోర్టు కేంద్రాలు తెరిచింది. అదే ఏడాది సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఈ-కోర్టుల మూడో దశకు రూ.7,210 కోట్లు ఆమోదించింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 530వ సెక్షన్ క్రిమినల్ విచారణలు కూడా ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరపవచ్చని చెబుతోంది.

అందరూ ఒకటి గుర్తుంచుకోవాలి. వీడియోలో హాజరు కావడం అన్ని కోర్టుల్లో ఒకేలా ఉండదు. ఆ హైకోర్టు నియమం, ఆ న్యాయమూర్తి అనుమతి ఉండాలి. పొరుగు జిల్లాలో నడిచిన పద్ధతి మన జిల్లాలోనూ నడుస్తుందనుకుంటే వాయిదా పోయినట్లే.

పదహారు అక్షరాల ఆనవాలు

ఇంటి నుంచి పనిచేసే న్యాయవాదికి మొదటి పనిముట్టు సీఎన్ఆర్ నంబరు. దేశంలో కింది కోర్టుల కేసులకు అక్షరాలు, అంకెలు కలిపి 16 ఉండే నంబరొకటి ఇస్తారు. మొదటి రెండు అక్షరాలు రాష్ట్రానివి. కర్ణాటకైతే కేఏ, మహారాష్ట్రయితే ఎంహెచ్. చివరి నాలుగంకెలు సంవత్సరం. దీన్ని ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో కొడితే కేసు ఏ కోర్టులో ఉంది, గత వాయిదాకు ఏం జరిగింది, మళ్లీ ఎప్పుడు అన్నది వచ్చేస్తుంది. ఇదివరకు ఈ మాత్రం సంగతికి గుమాస్తా బెంచి క్లర్కు దగ్గర నిలబడాల్సి వచ్చేది.

నంబరు లేకుండా పేరుతో వెతకబోతే తెలుగువారికి తిప్పలు తప్పవు. మనకు ఇంటిపేరు ముందు. మహారాష్ట్ర రికార్డుల్లో సొంత పేరు, తండ్రి పేరు, ఆఖరున ఇంటిపేరు. తమిళనాట తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనీషియల్. వెంకటేశ్వర్లు అన్న ఒక్క పేరును ఇంగ్లిషులో నాలుగైదు రకాలుగా రాస్తారు. పేరు దొరకలేదని కేసే లేదనుకున్నవాళ్లూ ఉంటారు. అందుకే కక్షిదారు తన వకీలును మొదట అడగాల్సింది ఆ 16 అక్షరాల నంబరే. దాన్ని కేసు కట్ట అట్ట మీద రాసి పెట్టుకుంటే ఇంట్లో చదువుకున్న పిల్లలు కూడా తేదీ చూసి చెబుతారు.

యాప్‌లో కనిపించిన తేదీయే ఆఖరి మాట అనుకోవడానికి లేదు. రికార్డు ఎక్కించడంలో ఆలస్యం కావచ్చు, పొరపాటూ దొర్లవచ్చు. ముందు రోజు సాయంత్రం కేసుల జాబితా మరోసారి చూసుకోవడం పాత కాలపు అలవాటే అయినా ఇప్పటికీ పనికొచ్చేదే.

ఒక భూమి.. నాలుగు పేర్ల రికార్డు

సరిహద్దుల్లో సివిల్ తగాదా అంటే ఎక్కువగా భూమి గొడవే. ఆ రికార్డులు చాలావరకు ఇప్పుడు తెర మీదకు వచ్చాయి. కర్ణాటకలో భూమి ప్రాజెక్టు 2000లో మొదలైంది. అక్కడ పహణి అని మనం పిలిచే ఆర్‌టీసీ దాని నుంచే వస్తుంది. రిజిస్ట్రేషన్ వివరాలకు కావేరి ఉంది. తమిళనాడులో పట్టా, చిట్టా కాగితాలు ఆన్‌లైన్లో చూడవచ్చు, విల్లంగం సర్టిఫికెట్ అనే ఈసీ కూడా దొరుకుతుంది. మహారాష్ట్రలో సాత్‌బారాకు మహాభూలేఖ్, ఒడిశాలో భూలేఖ్. సరిహద్దుకు ఇవతల ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి, తెలంగాణలో ధరణి స్థానంలో 2025లో వచ్చిన భూభారతి.

బళ్లారిలో కాపురం, అనంతపురం జిల్లాలో తాతల నాటి పొలం ఉన్న కుటుంబాన్ని తీసుకుందాం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ సెక్షన్ ప్రకారం పొలం ఎక్కడుంటే దావా అక్కడి కోర్టులోనే వేయాలి. కాబట్టి కేసు ఆంధ్రలో, కక్షిదారు కర్ణాటకలో. ఇలాంటి వాళ్లకు ఇంటి నుంచే రికార్డు చూసి సలహా చెప్పగల న్యాయవాది వరమే. అయితే తెర మీద కనిపించే ప్రతి చాలామటుకు సమాచారం కోసమే. కోర్టులో దాఖలు చేయడానికి ధ్రువీకరించిన నకలు తీసుకోవాల్సిందే.

స్కానరు, సంతకం, రుసుము

ఈ-ఫైలింగ్‌లో న్యాయవాది తన బార్ నమోదు నంబరు, ఫోను నంబరుతో పేరు నమోదు చేసుకోవాలి. దావా కాగితాలు పీడీఎఫ్ చేసి ఎక్కించాలి. కోర్టు రుసుము ఆన్‌లైన్లో కట్టాలి. డిజిటల్ సంతకం గానీ, ఆధార్‌తో ఈ-సైన్ గానీ చేయాలి. కొన్ని కోర్టులు దీంతోపాటు కాగితపు ప్రతినీ అడుగుతాయి. ముందే కనుక్కోవడం మేలు.

స్కానింగ్‌కు ఒకప్పుడు చాలామంది ఫోన్లలో కామ్‌స్కానర్ ఉండేది. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో అదీ ఒకటి. ఉచితంగా వచ్చిందని ఏదో ఒక యాప్ పెట్టుకుంటే కక్షిదారు ఆస్తి కాగితం ఏ దేశపు కంప్యూటరుకు చేరుతుందో తెలియదని ఆ రోజు చాలామందికి తెలిసొచ్చింది. చిన్న ఫ్లాట్‌బెడ్ స్కానరు కొనుక్కుంటే పాత స్టాంపు కాగితం అంచులు, వెనక వైపు సబ్‌రిజిస్ట్రారు ముద్రలు కూడా సరిగ్గా వస్తాయి. తగాదా చాలాసార్లు ఆ వెనక పేజీ మీదే ఉంటుంది.

డిజిటల్ సంతకం టోకెన్ విషయంలో ఒక మాట. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఈ సంతకానికి చేతి సంతకంతో సమానమైన విలువ ఇచ్చింది. టోకెన్, దాని పాస్‌వర్డ్ కలిపి గుమాస్తా చేతిలో పెట్టడమంటే ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టి ఇవ్వడమే.

చట్టం అడ్డు కాదు.. మాట అడ్డు

న్యాయవాదుల చట్టం 30వ సెక్షన్ 2011 జూన్ 15 నుంచి అమల్లోకి వచ్చింది. ఏ రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదైనా దేశంలో ఎక్కడైనా వాదించే హక్కు దాంతో వచ్చింది. అంటే ఆంధ్ర వకీలు కర్ణాటకలో వాదించడానికి చట్టం అడ్డు చెప్పదు. అడ్డొచ్చేది భాష. రాజ్యాంగం 348వ అధికరణ ప్రకారం హైకోర్టు భాష ఇంగ్లిషు. కింది కోర్టుల భాషను ఆయా రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. తాత తెలుగులో రాయించిన వీలునామా కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ కోర్టుకు వెళ్లాలంటే తర్జుమా జతచేయాలి.

ఇదివరకు ఆ పని ఊళ్లో రెండు భాషలూ తెలిసిన పెద్ద గుమాస్తానో, రిటైరైన మాస్టారో చేసిపెట్టేవారు. ఇప్పుడు ఫోటో తీసి అనువాద యంత్రంలో పెడితే నిమిషంలో వచ్చేస్తోంది. సుప్రీంకోర్టు కూడా 2019 నవంబరులో సువాస్ అనే అనువాద సాఫ్ట్‌వేర్ తెచ్చింది. తీర్పులను ప్రాంతీయ భాషల్లోకి తేవడం దాని పని. తీర్పు ఇంగ్లిషులో ఒక పద్ధతిలో ఉంటుంది. మన దస్తావేజులకు ఆ పద్ధతి లేదు. అవి ఆ ఊరి మాటల్లో ఉంటాయి.

జిరాయితీ అన్న మాట చూడండి. కోస్తా కాగితాల్లో అది రైతు సొంత పట్టా భూమి. ఇనాం కాదు, సర్కారుది కాదు అని చెప్పే మాట. మరాఠీలో జిరాయత్ అంటే వానాధారపు మెట్ట, నీటి వసతి ఉన్న బాగాయత్‌కు ఎదురు మాట. హక్కు చెప్పాల్సిన చోట నీటి సంగతి చెబితే కేసు ఎటు పోతుంది?

భోగ్యం సంగతీ అంతే. మన దస్తావేజుల్లో అది తనఖా. అప్పిచ్చినవాడు భూమిని తన స్వాధీనంలో పెట్టుకుని అనుభవిస్తాడు. అప్పు తీరితే భూమి మళ్లీ యజమానిదే. బెంగళూరు వైపు ఇళ్ల విషయంలో భోగ్య అంటే పెద్ద మొత్తం ముందే కట్టి నెల అద్దె లేకుండా ఉండే లీజు. తమిళనాట కూడా ఆ మాట ఆ అర్థంలో వినిపిస్తుంది. మాట ఒకటే కావడంతో తర్జుమా చేసేవాడికి అనుమానమే రాదు. తనఖా విడిపించుకునే హక్కు లీజుదారు గొడవగా మారిపోయే ప్రమాదం అక్కడే ఉంది.

కుంట మరో ఉదాహరణ. కర్ణాటకలో గుంటె, తెలంగాణలో కుంట అంటే ఎకరంలో నలభయ్యో వంతు. కోస్తా, సీమల్లో పొలం కొలత సెంట్లలో, కుంట అంటే చిన్న చెరువు. ఒక గుంటెకు రెండున్నర సెంట్లు. నాలుగు కుంటలు అన్న మాట నాలుగు చెరువులైనా కావచ్చు, పది సెంట్లైనా కావచ్చు. హద్దుల పట్టీలో తూర్పున ఏముందో చూసినవాడికే ఆ తేడా తెలుస్తుంది.

వీలునామాల్లో చుట్టరికాలు ఇంకా చిక్కు. తెలుగులో మామ అంటే మేనమామ కావచ్చు, పిల్లనిచ్చిన మామా కావచ్చు. అల్లుడంటే కూతురి భర్తో, మేనల్లుడో. మరాఠీలో మామా అంటే మేనమామ ఒక్కడే. పిల్లనిచ్చిన మామకు వేరే మాట ఉంది. ఆస్తి ఎవరికి రాశారన్న ప్రశ్న ఒక్కోసారి ఈ ఒక్క మాట మీదే ఆధారపడుతుంది.

ఫాంటు పెట్టే ఇబ్బంది

తర్జుమా దాకా వెళ్లక ముందే ఫాంట్ల దగ్గర ఆగిపోయే పనులున్నాయి. మన డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా అను ఫాంట్లలో టైపు చేశారు. కర్ణాటకలో నుడి ఉంది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ ఫైలు తెరిస్తే పిచ్చిగీతలే. అందులో మాట వెతకలేం, అనువాద యంత్రానికీ అర్థం కాదు. యూనికోడ్‌లోకి మార్చుకున్నాకే ముందుకు వెళ్లాలి. మార్చాక ఒత్తులు, అంకెలు, సర్వే నంబర్లు మూలంతో పోల్చి చూసుకోవాలి. సర్వే నంబరులో ఒక గీత తేడా వచ్చినా అది వేరొకరి పొలం.

కృత్రిమ మేధ చేసే అర్జీల సంగతీ జాగ్రత్తగా చూడాలి. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పులను కోర్టుకు సమర్పించారు. అసలు ఆ తీర్పులే లేవని తేలి, కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. మన దగ్గర 2023 జనవరిలో వచ్చిన ఈ-ఎస్‌సీఆర్‌లో సుప్రీంకోర్టు తీర్పులు డబ్బు లేకుండా దొరుకుతాయి. తీర్పు తెరిచి చదవకుండా దాని పేరు రాయడానికి ఇక సాకు లేదు.

గోడలకు చెవులుంటాయి

ఆఫీసు గదికి తలుపుంటుంది, బీరువాకు తాళముంటుంది. ఇంట్లో హాలే ఆఫీసు. విడాకుల కేసు మాట్లాడుతుంటే పక్క వాటా వాళ్లకు వినిపిస్తుంది. కక్షిదారు పంపిన ఫోటోలున్న ఫోనుతో పిల్లలు ఆడుకుంటారు. వకీలుకు చెప్పిన మాట బయటికి పోకూడదని చట్టం ఏనాటి నుంచో చెబుతోంది. ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ చెబుతున్నదీ అదే. చిన్న ఊళ్లలో, ఒకరికొకరు బంధువులైన తెలుగు వాడల్లో ఈ గోప్యత ఇంకా ముఖ్యం.

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. కేసుల కంప్యూటరు వేరుగా ఉండాలి, లేదంటే అందులో వేరే లాగిన్ అయినా ఉండాలి. మాట్లాడేటప్పుడు ఇయర్‌ఫోన్. కాగితాలు వాట్సప్ గ్రూపుల్లో కాకుండా ఒక్కరికే పంపడం. వారానికోసారి వేరే డిస్కులోకి కాపీ తీసి బీరువాలో పెట్టడం. యంత్రానికి దస్తావేజు ఇచ్చే ముందు అది ఎక్కడికి పోతుందో తెలుసుకోవడం. ఇంతే.

తెర మీదా కోర్టే

వీడియో విచారణకు నల్ల కోటు, బ్యాండు తప్పవు. రికార్డు చేయకూడదు. సాక్షికి పక్క నుంచి మాట అందించకూడదు. కరెంటు పోతే అని ఇన్వర్టరు, నెట్ పోతే అని రెండో సిమ్ దగ్గర పెట్టుకోవాలి. గుజరాత్ హైకోర్టు 2025లో వీడియో విచారణలో బీరు మగ్గుతో కనిపించిన సీనియర్ న్యాయవాదిపై తనంతట తానుగా కోర్టు ధిక్కారం కింద చర్య మొదలుపెట్టింది. ఇల్లు అనుకుంటే ఇల్లే, కెమెరా వెలిగాక మాత్రం అది కోర్టు.

ఫోన్లో వచ్చిన సందేశాన్ని సాక్ష్యంగా పెట్టాలంటే ఇంకో మెలిక ఉంది. సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం కక్షిదారుది, రెండో భాగం నిపుణుడిది. వకీలుకు స్క్రీన్‌షాట్ పంపేశాం కదా అని ఫోను అమ్మేసినా, సందేశాలు చెరిపేసినా మూలం పోయినట్లే.

ఫోను లేని వాళ్ల మాటేమిటి?

ఈ పనిముట్లన్నీ ఉన్నవాళ్లకు సరే. కోలారు జిల్లా పల్లెలో, రాయగడ కొండ దిగువన ఉన్న రైతుకు వకీలు ఇంట్లో కూర్చుంటే కనిపించేదెక్కడ? కోర్టు ఆవరణల్లో పెట్టిన ఈ-సేవా కేంద్రాలు ఇలాంటి వాళ్ల కోసమే. కేసు వివరాలు, ఫైలింగ్, నకళ్ల విషయంలో అక్కడ సాయం చేస్తారు. 2017లో మొదలైన టెలి-లా కింద ఊళ్లోని కామన్ సర్వీస్ సెంటరు నుంచే న్యాయవాదితో మాట్లాడవచ్చు. ఉచిత న్యాయసాయానికి జాతీయ న్యాయసేవల సంస్థ నంబరు 15100.

గుమాస్తాల బతుకు గురించీ ఆలోచించాలి. వాయిదా తెలుసుకోవడం, నకలుకు అర్జీ పెట్టడం లాంటి పనులు తగ్గుతున్నాయి. కానీ పాత తెలుగు దస్తావేజు చేతిరాత చదివి, జిరాయితీ ఏదో, జిరాయత్ ఏదో విడమరచి చెప్పగలవాళ్లు ఎక్కువగా వాళ్లలోనే ఉన్నారు. వాళ్లను తేదీల పని నుంచి తర్జుమా సరిచూసే పనికి మళ్లిస్తే అటు వాళ్ల ఉపాధీ నిలుస్తుంది, ఇటు కేసూ నిలుస్తుంది.

కక్షిదారు తన వంతుగా చేయాల్సింది ఒకటుంది. దావా కింద, ఇందులో రాసినవి నిజమని ధ్రువీకరిస్తూ సంతకం పెట్టేది అతనే, యంత్రం కాదు. విచారణ మొదలయ్యాక దావాలో సవరణకు కోర్టు అంత సులువుగా ఒప్పుకోదు. ముందే ఎందుకు చూసుకోలేదని అడుగుతుంది. అందుకని కన్నడమైనా, తమిళమైనా, ఒడియా అయినా, మరాఠీ అయినా రాసిందాన్ని తిరిగి తెలుగులో చెప్పించుకోవాలి. ఫోన్లోనైనా సరే, పావుగంట పట్టినా సరే. సర్వే నంబరు, కొలత, హద్దులు, చుట్టరికం.. ఈ నాలుగూ చెవిన పడి సరిపోయాయనిపించాకే సంతకం పెట్టాలి.